చెకుముకి తుపాకి వెంట నాన్నతో ఐదు రోజులు

మొదటి రోజు, బుధవారం

నాన్న ఇక్కడికొచ్చి నెలన్నరైంది. నయాగరా చూపించా, వైట్‌హౌస్ ముందు ఫోటో తీశా, న్యూజెర్సీ గుడికి తీసుకెళ్ళా, ప్రతిదానికీ "మంచిగున్నది" అన్నాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. ఐటీఐలో ముప్పై ఏళ్ళు ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఈ నెలన్నరలో ఆయన మొహం వెలిగింది ఒకే ఒక్కసారి, మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అతను బాత్రూం తలుపు పట్టేస్తోందని దాన్ని ఊడదీసి కింద రందా పడుతుంటే నాన్న పక్కన కుర్చీ వేసుకుని అరగంట కూర్చున్నాడు. ఈయన్ని తీసుకెళ్ళాల్సింది జలపాతాల దగ్గరికి కాదని అప్పుడర్థమైంది నాకు.

ఇక్కడ 250 ఏళ్ళ కిందటి పద్ధతిలో తుపాకులు చేత్తో చేసేవాళ్ళున్నారని ఎప్పుడో వీడియోల్లో చూసి ఉన్నా. జూలై చివరి వారం, ఆఫీసులో మూడు రోజులు లీవు పెట్టి వీకెండ్ కలుపుకుని బయల్దేరాం. మేముండే హెర్న్‌డన్ నుంచి, పాతకాలపు ఊరిని మ్యూజియంలా నిలబెట్టిన విలియమ్స్‌బర్గ్‌కి 150 మైళ్ళు, మూడు గంటల దారి, ఐ-95 పుణ్యమా అని నాలుగున్నర పట్టింది. కార్లో ఫ్లింట్‌లాక్ అంటే ఏంటో చెప్తున్నా, గుర్రం అంటే తుపాకి పక్కనుండే సుత్తెలాంటి ముక్క, దానికి ఒక రాయి బిగిస్తారు నాన్నా, మీట నొక్కితే ఆ రాయి వచ్చి ఉక్కు రేకుని గీరుకుంటుంది, రవ్వలు లేస్తాయి, కింద చిన్న పళ్ళెంలో ఉన్న తుపాకి మందు అంటుకుని బ్యారెల్ పక్కనున్న సన్న రంధ్రంలోంచి నిప్పు లోపలికి పోతుంది అని. అంతా విని ఆయన, "చెకుముకి తుపాకి అను మరి, ఇందాకటి సంది ఫ్లింట్‌లాక్ ఫ్లింట్‌లాక్ అనవడ్తివి" అన్నాడు. నిజమే, మనకి చక్కటి మాటుంది.

మన దగ్గర చేత్తో చేసిన తుపాకి అంటే పేపర్లో "నాటు తుపాకీ స్వాధీనం" అన్న వార్త, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తలొంచుకున్న మనిషి ఫోటో. ఇక్కడ అదే పని చేసేవాడికి తోలు ఏప్రన్ కట్టి మ్యూజియంలో నిలబెట్టి టికెట్ పెట్టారు. 1968 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం బ్యారెల్ మూతిలోంచి మందు కూరే ఈ పాతరకం వాటిని అసలు తుపాకుల లెక్కలోనే వెయ్యదట, ఆ రకంగా కూడా వీళ్ళకి వెసులుబాటుంది.

చేరేసరికి సాయంత్రం. 1715లో తుపాకి మందు దాచడానికి కట్టిన ఎనిమిది మూలల ఇటుక కట్టడం బయట నుంచే చూసి మోటెల్‌కి పోయాం. ఏసీ రాత్రంతా రైలింజన్లా మోగింది.

రెండో రోజు, గురువారం

ఇవాళ పొద్దున్న పదింటికి తుపాకుల షాపులో అడుగుపెట్టి మధ్యాహ్నం రెండున్నరకి బయటికొచ్చాం, మధ్యలో నేనొక్కణ్ణే రెండుసార్లు బయటికెళ్ళి నీళ్ళు తాగొచ్చా. మిగతా టూరిస్టులు పది నిమిషాలు ఉండి ఫోటో తీసుకుని పోతుంటే నాన్న కట్టె కంచె పట్టుకుని కదల్లేదు.

ముందు బ్యారెల్ సంగతి. గోడకి ఆనించి ఒక వస్తువుంది, ఒక కొస గుండ్రటి గొట్టం, రెండో కొస చదును ఇనుప పట్టీ, మధ్యలో అరటాకు విప్పుకున్నట్టు సగం మడత. అదే బ్యారెల్ పుట్టుక. మూడున్నర నాలుగడుగుల ఇనుప పట్టీ తీసుకుని కొలిమిలో తెల్లగా కాలేదాకా కాల్చి ఒక కడ్డీ చుట్టూ మడిచి అంచులు కలిపి సుత్తెతో అతుకుతారు, అదీ ఒక్కసారి కాదు, రెండు మూడు అంగుళాలు అతకాలి, కడ్డీ లోపలే ఇరుక్కుపోకముందే లాగెయ్యాలి, మళ్ళీ కాల్చాలి, మళ్ళీ అతకాలి, ఆ కొస నుంచి ఈ కొస దాకా. ఎక్కడైనా వేడి ఒక పిసరు తగ్గితే అతుకు పట్టదు, పైకి కనపడదు కూడా, రేపు మందు కూరి పేల్చినప్పుడు అక్కడే చీలుతుంది. ఒక పిసరు ఎక్కువైతే ఇనుమే మతాబులా మండిపోతుంది. షాపులో పనిచేసే అతను చెప్పింది నేను ట్రాన్స్‌లేట్ చేసి చెప్తుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "తెలుసు తెలుసు, మనూర్ల కమ్మరి గొడ్డలికి ఉక్కు అతుకు గట్లనే పెడ్తుండె" అన్నాడు.

గొట్టం అయ్యాక లోపల తొలవాలి. చెక్క బెంచీ మీద బ్యారెల్ బిగించి పొడుగాటి కడ్డీ చివర పలకల బిట్టు పెట్టి చేత్తో చక్రం తిప్పుతూ తొలుస్తారు, బిట్టు మారుస్తూ, సైజు పెంచుతూ, రోజుల తరబడి. వంకర ఉందో లేదో చూడ్డానికి లోపల్నుంచి సన్నటి దారం బిగువుగా లాగి వెలుతురు వైపు పెట్టి కంటితో చూస్తారు, దారం గోడకి ఎక్కడ దూరమైతే అక్కడ వంపు, దాగలి మీద పెట్టి ఒక్క దెబ్బ.

కానీ మేం అంతసేపు ఉండిపోయింది రైఫ్లింగ్ బెంచీ దగ్గర. లోపలి గోడకి మెలి తిరిగిన గాడులు కొయ్యడమే రైఫ్లింగ్, ఆ గాడుల వల్లే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. గాడుల్లేని మస్కెట్‌తో వంద గజాల్లో మనిషిని కొట్టడం అదృష్టం, దీనితో రెండొందల గజాలు గురిచూసి కొట్టేవాళ్ళు. మరి మెలికని మెషీన్ లేకుండా ఎలా కొయ్యడం? రోకలంత లావు పొడుగాటి చెక్క దుంగ, దాని ఒంటి నిండా మెలికల గాడి చెక్కి ఉంది, అది ఒక చట్రంలోంచి ముందుకీ వెనక్కీ జరిగేటప్పుడు ఆ గాడి పట్టుకుని తనంతట తనే తిరుగుతుంది. దాని చివర ఇనుప కడ్డీ, కడ్డీ కొసన చిన్న కట్టెలో కూర్చోబెట్టిన రంపప్పళ్ళంత ఉక్కు ముక్క. తోస్తే బ్యారెల్ లోపలికి పోతుంది, లాగితే గీసుకుంటూ వస్తుంది, లాగిన ప్రతిసారీ వెంట్రుకలో సగమంత ఇనుము. కోత తగ్గగానే ఆ ఉక్కు ముక్క కింద ఒక కాగితం పొర పెడతారు. కాగితం! మళ్ళీ లాగుతారు. మళ్ళీ ఇంకో పొర. ఒక గాడి అయ్యాక దుంగని ఒక గంటు తిప్పి రెండో గాడి. అలా ఏడు గాడులు.

"పిచ్ ఎంతనో అడుగు" అన్నాడు నాన్న. అడిగా. 48 అంగుళాలకి ఒక చుట్టు అని చెప్పాడతను. నాన్న వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "అంటే నలభై ఎనిమిది ఇంచుల లీడ్ ఉన్న థ్రెడ్ అన్నట్టు, ఏడు స్టార్ట్‌లు" అన్నాడు, నలభై ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిరిగే ఏడు మరలు పక్కపక్కనే నడిచినట్టన్నమాట. నేనది ఇంగ్లీషులోకి తిప్పి చెప్పగానే అతను బెంచీ దగ్గర్నుంచి లేచి వచ్చి నాన్నకి షేక్‌హ్యాండిచ్చాడు. ఆ తర్వాత నాతో పని లేకుండా పోయింది వాళ్ళిద్దరికీ. నాన్న ఇంగ్లీషు ఐటీఐ ఇంగ్లీషు, టేపర్, టాలరెన్స్, టెంపర్, బర్, చాంఫర్. సరిపోయింది.

లాక్, అంటే రవ్వ పుట్టించే మీట, స్ప్రింగుల భాగం, విప్పి చూపించాడు. స్ప్రింగు ఉక్కుని ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసు, దాన్ని మళ్ళీ మెల్లగా వేడి చేస్తూ రంగు చూడాలి, ముందు గడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నీలం, స్ప్రింగుకి నీలం దగ్గర ఆపాలి. రంగుల పేర్లు అతను చెప్పేలోపు నాన్నే చెప్పేస్తున్నాడు. రాయి తగిలే ఉక్కు మొహం మాత్రం గట్టిగా ఉండాలి, మెత్తగా ఉంటే రవ్వ రాదు. రవ్వ అంటే రాయిది కాదు, రాయి గీకిన ఉక్కు పొట్టే గాల్లో మండుతుంది, ఈ వయసులో నాకిది కొత్త సంగతి. షాపు మూల కాస్త చీకటిగా ఉంటే అక్కడికి తీసుకెళ్ళి మందు లేకుండా ఉత్తినే మీట నొక్కి చూపించాడు, ఠక్ మని నాలుగైదు పసుపచ్చ రవ్వలు పళ్ళెంలోకి జారాయి. నాన్న ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు. ఐదుసార్లు కొట్టించాడు మహానుభావుడు.

ఈ విద్య నడుమ పోయి మళ్ళీ వచ్చింది. 1820ల తర్వాత రాయి బదులు చిన్న మందు టోపీ మీద దెబ్బతో పేలే క్యాప్ తుపాకులు, 1860ల సివిల్ వార్ తర్వాత ఫ్యాక్టరీ తూటా తుపాకులు వచ్చి చెకుముకిని మింగేశాయి, కొండ ప్రాంతాల్లో అక్కడో మనిషి ఇక్కడో మనిషి తప్ప చేసేవాళ్ళే లేకుండా పోయారు. 1960ల్లో వాలెస్ గస్లర్ అనే వర్జీనియా కుర్రాడు ఇక్కడ షాపులో చేరి, పాత తుపాకుల మీద మిగిలిన ఆకురాయి గీతలు, సుత్తె మచ్చలు చూసి వెనక్కి లెక్కకట్టుకుంటూ బ్యారెల్ దగ్గర్నుంచి స్క్రూ దాకా పాత పనిముట్లతోనే మొత్తం తుపాకి చేసి చూపించాడు. ఈ కాలంలో అలా చేసిన మొదటివాళ్ళలో ఒకడాయన. 1969లో ఆయన పని మీద విలియమ్స్‌బర్గ్ వాళ్ళు డాక్యుమెంటరీ తీశారు, అది చూసి ఈ పిచ్చి పట్టినవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఇప్పుడు షాపులో ఉన్నవాళ్ళు ఆ వరసలో అప్రెంటిస్‌గా ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళే.

బయటికొచ్చి చెట్టు కింద పులిహోర తింటుంటే నాన్న కోనసముద్రం గురించి ఎత్తాడు. మాది నిర్మల్ వైపు, గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లాలో ఆ ఊరు, ఒకప్పుడు అక్కడి ఉక్కు ముద్దలు పర్షియా దాకా పోయి కత్తులయ్యేవి, 1820ల్లో వాయ్సీ అనే ఇంగ్లీషాయన అక్కడికి పోతే ఇస్ఫహాన్ నుంచొచ్చిన వ్యాపారి ఉక్కు కోసం దగ్గరుండి కాచుకుని ఉన్నాడట. "ఎనభైల్ల పోరగాళ్ళను తీస్కపోయిన ఆడికి. చిట్టెం కుప్పలున్నయి. ఎట్ల చేస్తుండెనో చెప్పేటోడు ఒక్కడు దొర్కలే" అన్నాడు. ఇంకా ఏదో అంటాడేమో అని చూశా. పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాడు.

మూడో రోజు, శుక్రవారం

పొద్దంతా డ్రైవింగే. విలియమ్స్‌బర్గ్ నుంచి పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ 250 మైళ్ళు. దారిలో వాన, బాల్టిమోర్ దగ్గర గంటసేపు నిలబడిపోయాం.

మూడింటికి ల్యాండిస్ వ్యాలీ మ్యూజియం చేరాం. హెన్రీ, జార్జ్ అని ఇద్దరు ల్యాండిస్ అన్నదమ్ములు చుట్టుపక్కల జర్మన్ రైతుల ఇళ్ళల్లోని పాత సామానంతా పోగేసి 1925లో తెరిచిన మ్యూజియం. నాగళ్ళు, కుండలు, బండ్లు, తుపాకులు. అసలు ఈ పొడుగు రైఫిల్ పుట్టిల్లు ఈ జిల్లానే. 1700ల మొదట్లో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కమ్మర్లు తమ దేశపు పొట్టి లావు వేట రైఫిల్‌ని ఇక్కడి అడవులకి తగ్గట్టు పొడుగు చేసి సన్నం చేశారు, గుండు చిన్నదైతే సీసం ఆదా, మందు ఆదా, వారాలపాటు అడవిలో తిరిగేవాడికి అది పెద్ద విషయమే. జేకబ్ డికర్ట్ అని లాంకాస్టర్ ఊళ్ళోనే ఉండి చేసినాయన పేరు ఆ రోజుల్లో బ్రాండే. చేసింది పెన్సిల్వేనియా వాళ్ళు, మోసుకుతిరిగింది కెంటకీ వైపు పోయినవాళ్ళు, చివరికి కెంటకీ రైఫిల్ అని పేరు వాళ్ళకి పోయింది. ఈ గోల ఇక్కడివాళ్ళకి ఇంకా తీరలేదు, కెంటకీ అని నా నోట రాగానే పక్కనున్న పెద్దాయన "పెన్సిల్వేనియా" అని సరిదిద్దాడు.

రాత్రి మోటెల్ మైక్రోవేవ్‌లో అన్నం. నాన్నకి అద్దాల వెనక పెట్టిన తుపాకులు ఎక్కలేదు. "ముట్టనియ్యకపోతే ఏం తెలుస్తది" అన్నాడు.

నాలుగో రోజు, శనివారం

ఇవాళ్టి కోసమే ఈ వారం ఎంచుకున్నది. లాంకాస్టర్ నుంచి గంటం పావు దూరంలో కొండల మధ్య కెంప్టన్ అని చిన్న ఊరు, జూలై చివర్లో అక్కడ తుపాకులు చేసేవాళ్ళ జాతర. పచ్చిక మైదానం, టెంట్లు, వేయించిన బంగాళాదుంపల వాసన, తొంభై శాతం తెల్ల గడ్డాలే. మొత్తం మైదానంలో మన మొహాలు రెండే, ఎవరైనా ఏమంటారో అని నాకు లోపల కొంచెం ఉంది, దాచుకోవడమెందుకు. పది నిమిషాల్లో పోయింది. ఇక్కడ నువ్వెవరని ఎవరూ అడగట్లేదు, నువ్వేం చేస్తావ్ అని అడుగుతున్నారు, "ఫిట్టర్, థర్టీ ఇయర్స్" అంటున్నాడు నాన్న, కుర్చీ లాగి కూర్చోబెడుతున్నారు.

ఒక టెంటులో ఒకాయన కర్రలో బ్యారెల్ కూర్చోబెడుతున్నాడు. కర్ర అంటే మేపుల్, అదీ పులి చారల మేపుల్, మన పొనికి చెక్కలాగా మెత్తగా గోరుతో గీస్తే పడేది కాదు, ఉలిని మూడు దెబ్బలకోసారి నూరుకోవాలి. బ్యారెల్ ఎనిమిది పలకలుగా ఉంటుంది, ఆ పలకలు కర్రలో వెంట్రుక సందు కూడా లేకుండా దిగాలి. ఆయన ఏం చేస్తున్నాడంటే బ్యారెల్ అడుగుకి దీపం మసి పూస్తున్నాడు, కర్రలో పెట్టి నొక్కుతున్నాడు, తీస్తున్నాడు, కర్రలో ఎక్కడ మసి అంటిందో అక్కడ ఎత్తుగా ఉందన్నమాట, ఆ నల్ల మచ్చ వరకే ఉలితో పొరలా లేపుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. ఒక పొడుగాటి గాడిలో ఇలా ఎన్ని వందలసార్లో.

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గిది ప్రష్యన్ బ్లూ పనిరా. సర్ఫేస్ ప్లేట్ మీద బ్లూ పూసి జాబ్ రుద్ది, ఎక్కడ అంటితె అక్కడ స్క్రేపర్ పెట్టుడు. ఫస్టియర్ల ఒక్కొక్కనితోని నెల రోజులు చేపిస్తుంటి, నన్ను తిట్టుకునేటోళ్ళు." ఆ మాట ఆయనకి చెప్తే, మసి పూసిన వేలు పైకెత్తి చూపించి నవ్వి, ఉలి తిప్పి పిడి వైపు నాన్నకందించాడు. నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. మూడు మచ్చలు తీశాడు. నాలుగోది తీస్తుంటే ఆయన "స్టాప్" అన్నాడు, అక్కడ కర్ర ఈనె ఎదురు తిరిగి ఉంది, లాగితే పెచ్చు లేస్తుంది. ఇనుముకి ఈనె ఉండదు కదా, నాన్నకి అది అలవాటు లేదు. ఉలి వెనక్కిచ్చి "గిది వేరే పని" అని ఒప్పుకున్నాడు.

కర్రకి రంగు వేసేది కూడా చూశాం, ఇనుము కరిగించిన నైట్రిక్ యాసిడ్ పూస్తారు, పూయగానే ఆకుపచ్చగా రోత పుట్టించేలా ఉంటుంది, ఎర్రగా కాల్చిన ఇనుప ముక్క దగ్గరగా ఆడిస్తే చూస్తుండగానే తేనెరంగుకి తిరిగి చారలన్నీ లేచొస్తాయి. నేను వీడియో తీసుకున్నా, ఆ ఒక్కటే ఇప్పటికి ఇరవైసార్లు చూశా.

మధ్యాహ్నం జడ్జింగ్. ఇది నాకు బాగా నచ్చింది. తుపాకి తెచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు పోటీ కాదు, ఒక ప్రమాణం ఉంది, దానికి ఎంత దగ్గరగా ఉన్నావో చూస్తారు, కొత్తవాళ్ళకి వేరు, చెయ్యి తిరిగినవాళ్ళకి వేరు. అయ్యాక జడ్జీలతో కూర్చుని తప్పులు చెప్పించుకోవచ్చు. పాతికేళ్ళ కుర్రాడొకడు కూర్చున్నాడు, ఏడాదిన్నర పట్టిందట అతని తుపాకికి. లాక్ చుట్టూ కర్ర సందు, మడమ దగ్గర వంపు చచ్చింది, చెక్కిన లత ఒక చోట వేరు లేకుండా మొలిచింది, ఇలా ఒక్కొక్కటీ చూపిస్తున్నారు జడ్జీలు, గొంతు పెంచకుండా, వేలితో తడిమి. అతను నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. ఐటీ కంపెనీల్లో మా అప్రైజల్స్ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది, అక్కడ ఎవడూ తప్పు ఎక్కడుందో చెప్పడు, నంబరు మాత్రం ఇస్తాడు.

ఇక్కడొచ్చిన వాళ్ళంతా బ్యారెల్ కాల్చి అతికేవాళ్ళనుకుంటే పొరపాటే. దాదాపు అందరూ బ్యారెల్, లాక్ కొనుక్కుంటారు, కర్ర పని, ఇత్తడి పని, చెక్కుడు మాత్రం చేతిపని. ఇప్పుడు ఇంకో మెట్టు దిగి సీఎన్‌సీ కిట్లు, అంటే కంప్యూటర్ నడిపే మెషీన్ కోసినవి, వచ్చాయి, ఒహాయోలో జిమ్ కిబ్లర్ అమ్మే కిట్లలో కర్రలో గాడులన్నీ మెషీనే కోసి ఇస్తుంది, ఇంట్లో కూర్చుని వారాల్లో తుపాకి తయారు. ఒక గడ్డం పెద్దాయన దాన్ని "రంగులేసుకునే పుస్తకం" అని ఎద్దేవా చేశాడు. నాన్న కూడా అదే పాట పాడతాడనుకున్నా. "కాదు, పోరడు మొదలు ఒక్కటన్న పూర్తి చెయ్యాలె. సగంల ఇడ్సిపెట్టినోడు మళ్ళ ఆకురాయి ముట్టడు" అన్నాడు. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

ఇంకో సంగతి ఇక్కడే తెలిసింది. 1933లో పుట్టిన, మూతిలోంచి మందు కూరే తుపాకుల సంఘం ఒకటి ఇండియానాలో పోటీలు నడుపుతూనే ఉంది కానీ, ఈ రాష్ట్రంలో ఊపొచ్చింది 1974లో, జింకల వేటకి చెకుముకి తుపాకులకి మాత్రమే అని వేరే సీజన్ పెట్టారు, క్రిస్మస్ తర్వాత మంచులో. రెండేళ్ళకే దేశానికి 200 ఏళ్ళ సంబరాలు. అంతే, మామూలు రైతులక్కూడా చెకుముకి తుపాకి కావాల్సొచ్చింది, కావాలంటే చేసేవాడుండాలి. మ్యూజియం ఒక్కటే ఉండి వేట సీజన్ లేకపోతే ఈ మైదానంలో ఇన్ని టెంట్లుండేవి కావు.

వచ్చేముందు నాన్న ఒక కమ్మరి దగ్గర చెకుముకి ఉక్కు ఒకటి, రెండు నల్లరాళ్ళు కొన్నాడు. నేను డబ్బులివ్వబోతే ఒప్పుకోలేదు.

ఐదో రోజు, ఆదివారం

కెంప్టన్ నుంచి గంట దూరం నాజరెత్, దాని పక్కన జేకబ్స్‌బర్గ్. హెన్రీ కుటుంబం తరతరాలు తుపాకులు చేసిన చోటు. లాంకాస్టర్‌లో తుపాకులు చేసిన విలియం హెన్రీ కొడుకు, ఆయన పేరూ విలియమే, 1812 ప్రాంతంలో ఇక్కడ బుష్‌కిల్ వాగు నీటి బలంతో నడిచే ఫ్యాక్టరీ పెట్టాడు. ఆస్టర్ అనే కోటీశ్వరుడి బొచ్చు తోళ్ళ కంపెనీకి వీళ్ళే రైఫిళ్ళు చేసి పంపేవాళ్ళు. పక్కనే లాంగ్‌రైఫిల్ మ్యూజియం, ఇంకా నికొలస్ హాక్ అనే పాతకాలపు తుపాకి పనివాడి పేరు మీద ఒక వర్క్‌షాపు, అందులో వాలంటీర్లు క్లాసులు చెప్తారు. వైస్‌లు, ఆకురాళ్ళ వరస, కిటికీ దగ్గర బెంచీ. నాన్న ఒక ఆకురాయి తీసి పిడి ఊగుతోందో లేదో చూసి, ఊగుతుంటే నేలకి రెండు దెబ్బలు వేసి బిగించి మళ్ళీ దాని చోట్లో పెట్టాడు. అక్కడున్న ఆవిడ థాంక్యూ అంది.

తిరుగు ప్రయాణం 200 మైళ్ళు. హ్యారిస్‌బర్గ్ దాటాక రెస్ట్ ఏరియాలో ఆగాం. నేను కాఫీ తెచ్చేసరికి నాన్న బెంచీ మీద కూర్చుని ఉక్కూ రాయీ కొడుతున్నాడు. మొదట రాలేదు, కోణం మార్చాడు, రెండు రవ్వలు రాలాయి. "మా తాత చుట్ట గిట్లనే ముట్టిచ్చుకుంటుండె. ఎడమ చేతిల రాయి, దాని మీద దూది, ఒక్కటే దెబ్బ." ఆ చెకుముకి సంచి ఇంట్లో అటక మీద ఉండాలని గుర్తొచ్చిందాయనకి, తోలు సంచి, లోపల ఉక్కు ముక్క, అది మాత్రం ఎక్కడ దొరికిందో ఎవరు చేశారో. ఇండియాలో అప్పుడు తెల్లారుజాము మూడున్నర. వద్దన్నా వినకుండా అమ్మకి వాట్సాప్‌లో ఫోన్ కలిపించాడు.

అమ్మ నిద్రమత్తులో అంతా విన్నది.

"గదా? అది ఇనుప సామానోడొస్తె ఉల్లిగడ్డలకు ఏసి పదేండ్లాయె. ఏమైంది, అందరు మంచిగున్నరా?"